అతిథి మెచ్చిన మ్యూజియం

ఆ ఉదయం ఫెయ్జుదీన్ వేసిన పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పట్నం నుంచి సాంస్కృతిక శాఖ అధికారిణి వస్తోంది. ఖులదర్ ఊరి మ్యూజియాన్ని ఉంచాలా, మూసేసి సామానంతా పట్నం గోదాములో పడేయాలా అన్నది ఆవిడ మాట మీదే ఆధారపడి ఉంది. అందుకని ప్రతి వస్తువు పక్కనా దాన్ని ఇచ్చిన ఇంటివాళ్లే మంచి బట్టలు కట్టుకుని నిలబడతారు, దాని కథ వాళ్లే చెబుతారు. ఆవిడ మెచ్చుకుంటుంది. మెచ్చుకుంటే మ్యూజియం నిలుస్తుంది.

బడిలో చరిత్ర పాఠాలు చెప్పడం మానేశాక ఫెయ్జుదీన్‌కు మిగిలింది ఈ మ్యూజియం ఒక్కటే. ఇంటింటికీ తిరిగి, గడ్డాలు పట్టుకుని బతిమాలి, కోళ్లగూటి మీద కప్పిన తివాచీలూ, గొడ్లపాకలో పడున్న ఊయలలూ మోసుకొచ్చాడు. ఊరిపెద్ద అబుముస్లిం తన ఇంటి కింది గది ఇచ్చాడు. ఆ మ్యూజియం కాస్తా పోతే పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలో కూడా తెలియని మనిషి ఫెయ్జుదీన్.

ఆకుకూర రొట్టెలు కాలుస్తున్న భార్య సెదాగెత్ మాత్రం పెనం మీంచి తలెత్తకుండా అడిగింది.

"తివాచీ పక్కనే జరీఖానుమ్ అత్త నిలబడి ఉండగా ఆ అధికారిణి దాన్ని మెచ్చుకుంటే ఏం చేస్తావు?"

"మెచ్చుకోవాలనేగా ఈ తిప్పలన్నీ."

"నేననేది అది కాదు మహానుభావా."

ఫెయ్జుదీన్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వెళ్లిపోయాడు. చదువుకున్నవాడికి భార్య మాట చివరిదాకా వినే తీరిక ఎక్కడుంటుంది?

మా కొండల్లోని లెజ్గీ ఊళ్లలో ఇంటికొచ్చిన అతిథి ఒక వస్తువును బాగుందన్నాడంటే అది ఇక అతనిదే. అందుకే మేము ఒకరింటికి వెళ్తే నోరు కుట్టుకుని, కళ్లు నేలకేసి కూర్చుంటాం. అధికారిణి వెరోనికా ల్వోవ్నాది ఎక్కడో ఉత్తరదేశం, ఈ ఉద్యోగానికి వచ్చి నెల కూడా కాలేదు. వాళ్ల వైపు మెచ్చుకోలు ఉచితం.

ఆవిడ గదిలో అడుగు పెడుతూనే గోడ మీది తివాచీ ముందు ఆగిపోయింది. "ఎంత బాగుందండీ. ఈ ఎరుపు నేనెక్కడా చూడలేదు."

జరీఖానుమ్ అత్త ముక్కాలిపీట ఎక్కి మేకుల నుంచి తివాచీ ఊడదీసి, చుట్ట చుట్టి ఆవిడ చేతుల్లో పెట్టింది.

"అయ్యో, వద్దండి."

"బాగుందన్నావుగా తల్లీ."

"బాగుంది కాబట్టే వద్దంటున్నాను."

"అంటే ముసలిదాని చేతి మీదుగా పుచ్చుకోనంటావు."

ఊరిపెద్ద అబుముస్లిం గొంతు సవరించుకున్నాడు. "తీసుకోండమ్మా. కాదంటే మా ఊరి మీద ఉమ్మేసినట్టే." అలా అన్నాక ఎవరైనా ఏం చేస్తారు? ఆవిడ తీసుకుంది. డ్రైవర్ షంఖాల్ దాన్ని భుజానేసుకుని వ్యాన్‌లో పెట్టొచ్చాడు.

ఫెయ్జుదీన్‌కు అప్పుడు అర్థమైంది, సెదాగెత్ అడిగింది ఏమిటో. తనే నోరు విప్పి అతిథిని పుచ్చుకోవద్దంటే ఈ ఊళ్లో మళ్లీ తలెత్తుకోలేడు. డ్రైవర్‌ను గుమ్మం బయటికి లాక్కుపోయాడు.

"బాబ్బాబు, నువ్వైనా ఆవిడకి మెల్లగా చెప్పు, దేన్నీ మెచ్చుకోవద్దని."

"మా ఊళ్లోనూ ఇదే పద్ధతి మాస్టారూ. నేను చెప్పానని తెలిస్తే మీ పెద్దాయన నన్ను ఈ కొండ దిగనిస్తాడా?"

ఇక మిగిలింది ఒకటే దారి. ఆవిడ మెచ్చుకోకముందే తను తిట్టాలి. ఆవిడ కళ్లు చెక్క ఊయల మీదికి వెళ్లగానే ఫెయ్జుదీన్ పరుగున అడ్డం వెళ్లాడు. "ఇదేమంత పాతదీ కాదండి. పురుగు కూడా పట్టింది."

ఊయల ఇచ్చిన మిర్జెఖాన్ ముఖం కందగడ్డ అయింది. "ఏమన్నావు? మా తాత, మా నాన్న, నేనూ ఊగిన ఊయల పాతది కాదా? పురుగా? నీ బుర్రకి పట్టింది పురుగు."

పాపం వెరోనికా ల్వోవ్నాది జాలిగుండె. పెద్దాయన నొచ్చుకున్నాడని గబగబా సర్దిచెప్పింది. "లేదండీ, అద్భుతంగా ఉంది. ఇంత చక్కటి పనితనం చూసి ఎన్నాళ్లయిందో."

ఊయల వ్యాన్ ఎక్కింది. అంతటితో మిర్జెఖాన్ పౌరుషం చల్లారలేదు. ఇంటికి పరుగెత్తి వాళ్ల ముత్తవ్వ రాగిబిందె తెచ్చి ఊయలలో పెట్టాడు. ఆ బిందె మ్యూజియానికి ఇమ్మని ఫెయ్జుదీన్ ఎన్నాళ్లు కాళ్లావేళ్లా పడ్డా ఇవ్వని మనిషి.

ఆ తర్వాత వ్యవహారం మరీ చెడింది. మెప్పు అందనివాళ్లకు అలక మొదలైంది. అడుగున చెకుముకి రాళ్లు పొదిగిన నూర్పిడి పలక పక్కన నిలబడ్డ గుల్జమీన్ అందరికీ వినబడేలా అంది. "మా పలక ఏం పాపం చేసిందో. ఆవిడ కన్నెత్తి అయినా చూడలేదు."

ఆవిడ చూసింది. బాగుందంది. వెండి మొలనూలూ, గొర్రెల కాపరి ఉన్ని అంగీ, తిరగలీ కూడా బాగున్నాయంది. ఎవరినీ చిన్నబుచ్చకూడదని గది చుట్టూ తిరిగి పేరుపేరునా మెచ్చుకుంది. అడ్డుపడబోయిన ఫెయ్జుదీన్‌ను మిర్జెఖాన్ మోచేత్తో గోడకు అదిమిపెట్టాడు. షంఖాల్ చెమటలు కక్కుతూ మోస్తూనే ఉన్నాడు.

"ఇవన్నీ పోగు చేసిన మీ ఆయనని మెచ్చుకోవాలి. బంగారంలాంటి మనిషి," అంది ఆవిడ, రొట్టెలు తెచ్చిన సెదాగెత్‌తో.

గదిలో అందరూ సెదాగెత్ వైపు తిరిగారు. ఆమె పళ్లెం కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "తీసుకెళ్లండి. మెత్తటి దిండు లేందే నిద్రపోడు, అదీ కట్టిస్తాను."

అంతా నవ్వారు. ఫెయ్జుదీన్ మాత్రం నవ్వలేదు, ఎందుకంటే సెదాగెత్ నవ్వలేదు.

వీడ్కోలు వేళ వెరోనికా ల్వోవ్నా కళ్లు తడిశాయి. "నిజం చెప్పేస్తాను. దీన్ని మూసేసి సామాను పట్టుకుపోదామనే వచ్చాను. మిమ్మల్ని చూశాక మనసు మారింది. దీన్ని మూయనివ్వను. పై అధికారులతో నేను మాట్లాడతాను, ఈ మ్యూజియం జోలికి ఎవరూ రారు."

ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. ఫెయ్జుదీన్ వెనక్కి తిరిగి చూశాడు. గోడల నిండా మేకులు, నేల మీద ఊయల కాళ్ల గుర్తులు. మ్యూజియం దక్కింది, అందులో చీపురు తప్ప ఏమీ లేదు. కూలబడి ఏడవాలనే ఉంది, కానీ అతిథి ముందు ఏడవకూడదు. పోనీలే అనుకున్నాడు. గది ఉంది. ఇళ్లలో పెట్టెలున్నాయి, అటకలున్నాయి. మళ్లీ తిరుగుతాను, మళ్లీ గడ్డాలు పట్టుకుంటాను, రేపే మొదలెడతాను. అలా అనుకోగానే కాళ్లలోకి కాస్త బలం వచ్చింది.

ఆవిడ వ్యాన్ ఎక్కబోతూ ఆగి, గుమ్మంలోంచి చివరిసారి లోపలికి చూసింది.

"సామాను తీసేశాక తెలుస్తోంది, ఈ గది ఎంత విశాలంగా, ఎంత చల్లగా ఉందో. మా పట్నంలో ఇలాంటిది ఒక్కటి కూడా లేదు."

ఊరిపెద్ద అబుముస్లిం అప్పటికే జేబులో తాళంచెవి వెతుక్కుంటున్నాడు.