ఉబ్బని కవరు

తపాలా అనే వ్యవస్థ పరిపూర్ణత సాధించిన చోటు భూమ్మీద ఒక్కటే. అది దక్షిణ సముద్రంలో ఫ్రాన్సు వారి సెంత్-ఓద్ దీవి. ఇక్కడ ఎవరూ కాపురం ఉండరు. (పెంగ్విన్లు ఉంటాయి గానీ, వాటికి చిరునామాల్లేవు.) గాలీ వానా కొలవడానికి నాలాంటి కొద్దిమందిమి ఏడాదేసి వచ్చి పోతుంటాం. అయినా ఓడ వచ్చినప్పుడల్లా బస్తాల కొద్దీ కవర్లు దిగుతాయి. స్టాంపులు సేకరించే పెద్దమనుషులు తమ చిరునామా తామే రాసుకుని పంపే ఖాళీ కవర్లు. వాటిమీద దీవి ముద్ర కొట్టి, అదే ఓడలో వెనక్కి పంపాలి. మా పోస్టుమాస్టరు కోర్బినో గారు ముద్ర వంకరగా పడితే ఆ పూట భోజనం మానేస్తారు.

అలాంటి పోస్టాఫీసుకి మా వంటవాడు గాస్పార్ ఒక లావుపాటి కవరు తెచ్చాడు. రీయూనియన్ దీవిలో ఉన్న సొలీన్‌ని పెళ్లికి అడుగుతున్నాడు. తొందర దేనికంటే, కస్టమ్స్‌లో పనిచేసే కుర్రాడొకడు కూడా ఆ అమ్మాయి చుట్టూ తిరుగుతున్నాడట.

కోర్బినో గారు కవరు నొక్కి చూసి ఉలిక్కిపడ్డారు.

"ఏమయ్యా, ఇందులో ఏదో ఉందే!"

"ఉత్తరమండీ."

"కవర్లో ఉత్తరమేంటయ్యా?"

"మరెక్కడ పెట్టమంటారు?"

"ఇలా ఉబ్బితే ముద్ర ఎలా పడుద్ది? నీ పెళ్లి కోసం దీవి పరువు తీస్తావా?"

(రేడియోలో కబురు పంపొచ్చుగా అంటారేమో. మా రేడియో భోజనాల గదిలో ఉంది. అందులో పెళ్లి మాటెత్తితే అందరం విని ఓటేస్తాం.)

చివరికి రాజీ కుదిరింది. పేజీలన్నీ పోయి, పల్చటి కాగితం మీద "నన్ను చేసుకుంటావా?" అన్న ముక్క మిగిలింది. కవరు మీద మాత్రం పోస్టాఫీసు ముద్ర, దీవి అధికారి ముద్ర, డాక్టరు ముద్ర, ఓడ కెప్టెన్ ముద్ర, గాలివాన శాఖ తరఫున నా ముద్ర పడ్డాయి. ఇంతమంది అధికారులు ధ్రువీకరించిన ప్రేమ ఫ్రాన్సులో మరొకటి ఉండదు.

మళ్లీ ఓడ వచ్చింది. జవాబు వినడానికి అందరం వంటింట్లో చేరాం. గాస్పార్ పైకే చదివాడు.

"గాస్పార్, నీ కవరు చూసి నాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇక్కడి స్టాంపుల సంఘానికి అధ్యక్షుడు కదా! తెరిస్తే విలువ పోతుందని నన్ను ముట్టుకోనివ్వలేదు. అద్దంలో బిగించి ప్రదర్శనకి పంపితే వెండి పతకం వచ్చింది. లోపలేదో కాగితముండి కాస్త ఉబ్బిందట, లేకపోతే బంగారమేనట. ఈసారి లోపలేమీ పెట్టకు. కస్టమ్స్ అబ్బాయి నీలా కవర్లు పంపడు. రోజూ ఇంటికే వస్తున్నాడు."

"నేను చెప్పలా?" అన్నారు కోర్బినో గారు.

పొయ్యి మీద కూర మాడిపోతోంది. గాస్పార్ దించలేదు.

ఆ ఓడకే ఖాళీ కవరు పంపాడు. బంగారు పతకం వచ్చింది. ఆ కబురు, సొలీన్ శుభలేఖ ఒకే కవర్లో అందాయి. అది బాగా ఉబ్బి ఉందని కోర్బినో గారు నొచ్చుకున్నారు.