సోలార్ పలకకు వారపు స్నానం

కరువు నేల మీద నీళ్లు ముందుగా ఎవరికి అందాలన్న తరతరాల ప్రశ్నకు ప్రభుత్వం చివరికి జవాబు కనుక్కుంది: సోలార్ పలకలకు.

దుమ్ము పడితే పలక కరెంటు తగ్గిస్తుంది. కాబట్టి కంబదూరు దిక్కున ఉన్న పలకలన్నిటికీ వారానికోసారి ట్యాంకరుతో స్నానం చేయించాలని నియమం. (మనుషులు దుమ్ము పడినా పని తగ్గించరు గనుక వారికి నియమం అవసరం కాలేదు.)

దీన్ని అమలుచేసే గ్రామీణ ఇంధనాభివృద్ధి అధికారి ఇమ్మానుయేల్ మంచివాడు. ప్రమోషను దగ్గరపడిన ప్రతి మంచివాడిలాగే కొత్తగా ఏదీ చేయకుండా జాగ్రత్తపడేవాడు. ఒక సోమవారం పక్క ఊరి బయమ్మ ఖాళీ కడవతో ఆయన ఆఫీసుకు వచ్చింది.

"ఏమప్పా సారూ, మా ఊరి బోరు ఎండిపోయి యాడాదాయ. ట్యాంకరు మా ఇండ్ల ముందరే పోతాండాది, నిలబడదు. అద్దాలకు తానం, మాకు చూపులా?"

"అవి కరెంటు ఇస్తాయమ్మా. మీరేమిస్తారు?"

"ఓట్లిస్తాం గదప్పా."

"అది మా శాఖ కిందికి రాదు."

బయమ్మ కడవ కింద పెట్టి ఆలోచించింది. "అయితే మా ఊర్లో ఒక పలక నాటు సారూ. దాన్ని కడిగేకన్నా వస్తారు గదా."

ఇమ్మానుయేల్ నిబంధనలన్నీ వెతికాడు. ఎక్కడా వద్దని లేదు. పగిలి మూలనపడ్డ పలకను తెప్పించి ఊరి నడుమ నిలబెట్టించాడు. తీగ కలపలేదు (తీగ వేరే పథకం). మరుసటి వారం ట్యాంకరు వచ్చింది. పలకకు ఒక చెంబు, కడవలకు మిగిలినదంతా.

కొన్ని వారాలకు డ్రైవరు బసప్ప పలకను వేలితో గీకి చూశాడు. "దుమ్ము లేదక్కా. లేనిదాన్ని కడిగితే నా మీద రాస్తారు" అని బండి తిప్పుకుపోయాడు.

"దుమ్ముకు కరువా ఈడ?" అన్నది బయమ్మ. అప్పటినుంచి ట్యాంకరు వచ్చే ముందురోజు ఆడవాళ్లు చేటలతో వీధిమన్ను తెచ్చి పలక మీద పద్ధతిగా చల్లేవారు. ఇమ్మానుయేల్ అది కళ్లారా చూసి, నివేదికలో "ప్రజా భాగస్వామ్యం ఆదర్శప్రాయం" అని రాశాడు. ప్రమోషను ఖాయమైంది.

తర్వాతి వారం, ట్యాంకరు రావలసిన పొద్దున, మడకశిర దిక్కున మబ్బు పట్టింది. అందులో కడవ నింపేంత వాన లేదు. పలక కడిగేంత ఉంది.

ఇమ్మానుయేల్ ఫోను చేశాడు. "బయమ్మా, అది తడిస్తే ఈ వారం ట్యాంకరు రాదు."

"తెలుసులే సారూ. శనక్కాయలు కప్పే పట్ట తెచ్చి కప్పుతాండాము."

ఊరంతా పట్ట అంచులు పట్టుకుని నిలబడింది. నాలుగు చినుకులు రాలి మబ్బు కర్ణాటక వైపు వెళ్లిపోయింది. బయమ్మ పట్ట ఎత్తి చూసింది.

దేవుడు చల్లగా చూశాడు. దుమ్ము చెక్కుచెదరలేదు.