నాగేంద్రబాబు చెమట గుడిసె

అరబ్బుల దేశానికి కూలికొచ్చిన లింబాద్రి ఆ శుక్రవారం సెలవు పొద్దున పెట్టుకున్న పనులు మూడే. బట్టలు ఉతుక్కోవాలి, కోడికూర వండుకోవాలి, సాయంత్రం బుసైతీన్‌లో మేనేజరు నాగేంద్రబాబు ఇంటికి వెళ్లి లీవు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. ఊళ్లో కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించాలి. తండ్రి లేకుండా కత్తెర తగలనివ్వనని భార్య జమున పంతం పట్టింది. తండ్రికేమో లీవు దొరకదు. పిల్లాడికిప్పుడు రెండు జడలు. అంగన్‌వాడీలో ఆడపిల్లల వరుసలో కూర్చోబెడుతున్నారు.

బట్టలు నానబెట్టాడో లేదో ఫోను మోగింది.

"ఏవయ్యా లింబాద్రీ, మా పెరట్లో ఓ గుడిసె వెయ్యాలి. లోపల కాల్చిన రాళ్లు పెట్టి నీళ్లు పోస్తే ఆవిరొస్తుంది. అందులో కూర్చుంటే చెమట పట్టి పొట్ట కరుగుద్దంట, వీడియోలో చూశా. కట్టావనుకో, సాయంత్రానికి నీ సంతకం నీకు."

లింబాద్రికి ఒళ్లు మండింది. జూలై ఎండలో స్లాబులకు ఇనుము కడుతూ బూట్లు తడిసేలా చెమటోడుస్తుంటే, నీళ్లు తాగడానికి ఆగినందుకు కసిరిన మనిషి ఈయనే. చలి పడగానే చెమట మీద మోజు పుట్టింది. ఏం చేస్తాం, అవసరం మనది! క్యాంపు గదిలో తనతో ఉండే బాలన్నను వెంటబెట్టుకుని వెళ్లాడు.

ప్లాస్టిక్ పైపులు వంచి పాతి, పైన టార్పాలిన్ కప్పి, తాడుతో ముడేసే తలుపు పెట్టారు. వేడి ఆగాలంటే కంబళ్లు కావాలన్నాడు నాగేంద్రబాబు. తన ఇంట్లోవి మంచివట, అందుకని కూలీల క్యాంపు నుంచి వీళ్లవే తెప్పించాడు. పక్కన మంట వేసి, రాళ్లు ఎర్రగా కాల్చి, పారతో గుడిసెలో తవ్విన గుంటలో పోశారు. నాగేంద్రబాబు చడ్డీ మీద, చేతిలో నీళ్ల బకెట్టుతో లోపలికి దూరాడు.

"బయట్నించి తలుపు కట్టెయ్. అరగంట దాకా నేను అరిచినా తియ్యొద్దు. మొదట్లో మనసు బలహీనపడుద్దంట."

"గట్లనే సారూ."

చుట్టుపక్కల మేడల మీద నుంచి జనం తొంగిచూస్తున్నారు. బాలన్నకు గుబులు పట్టుకుంది.

"అరే, గింతమంది కండ్లు పడుతున్నయి. సారుకేమన్న అయితే నీ సంతకం ఖలాస్. దిష్టి తియ్యి."

నిజమే అనిపించింది. లింబాద్రి సారు వంటింట్లోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు, ఉప్పు తెచ్చి, గుడిసె చుట్టూ మూడుసార్లు తిప్పి, మంటలో వేశాడు. అంతలోనే లోపలి నుంచి "వేడి చాల్లేదు, రాళ్లు తెండి!" అని కేక. ఇద్దరూ కంగారుగా ఆ మంటలోంచే రాళ్లూ నిప్పులూ ఎత్తి గుంటలో పోసి, మళ్లీ తలుపు బిగించారు. మిరపకాయలు కూడా వెళ్లాయన్న సంగతి ఇద్దరికీ తోచలేదు.

లోపల నీళ్లు సుయ్యిమన్నాయి. ఆ వెంటనే దగ్గు, తుమ్ములు, పెడబొబ్బలు.

"తియ్! తలుపు తియ్ వెధవా!"

లింబాద్రి చెయ్యి ముడి మీదకు పోయింది. బాలన్న గబుక్కున పట్టుకున్నాడు. "పరీక్ష పెడుతుండురా! తీసినవనుకో, మాట తప్పినవని సంతకం పెట్టడు."

"మస్తు ఘాటొస్తున్నదే!"

"మంచిదే గదా. ఘాటొస్తే దిష్టి లేనట్టు."

ఇంతలో గుడిసె కదిలింది. పైపులు ఊడిపోయాయి. టార్పాలిన్, కంబళ్లు నెత్తినేసుకుని నాగేంద్రబాబు పెరడంతా గుడ్డిగా పరుగెత్తి, సరిగ్గా మంట పక్కన బోర్లాపడ్డాడు. లింబాద్రి కాళ్లు పట్టి ఈడ్చాడు. మేడమీద వాళ్లు పిలిచిన ఫైరింజను వచ్చి, మంటనీ మేనేజరునీ కలిపి తడిపింది. ఒంటికి ఏమీ కాలేదు గానీ, కంబళ్లు కాలిపోయాయి, కరిగిన టార్పాలిన్ జుట్టుకు అతుక్కుపోయింది. మంగలి ఎంత తంటాలుపడ్డా ఊడలేదు. చివరికి గుండు గీశాడు.

మర్నాడు ఆఫీసులో ఎదురైనవాళ్లంతా "తిరుపతి వెళ్లొచ్చారా సార్?" అని పలకరించారు. మధ్యాహ్నానికి నాగేంద్రబాబు తన లీవు మీద తానే సంతకం పెట్టుకుని, జుట్టు మొలిచేదాకా రానని చెప్పి సొంతూరికి విమానం ఎక్కాడు. లీవుల మీద సంతకం పెట్టే మనిషి ఆ కంపెనీలో ఇంకొకరు లేరు.

సాయంత్రం జమున వీడియో కాల్ చేసింది. "సంతకం పెట్టిండా?"

"పెట్టిండు. ఆయనది ఆయన పెట్టుకుండు." కప్పుకోవడానికి కంబళి కూడా లేని లింబాద్రికి ఏడుపొచ్చింది. ఫోన్లో కొడుకు జడలు ఊపుతూ "బాపూ, ఎప్పుడొస్తవ్?" అన్నాడు.

"సారుకు ఎంట్రుకలు మొలవాలె బిడ్డా. అప్పుడే నీయి తీయిస్తం."

జమున నూనె సీసా తెచ్చి ఫోను ముందు పట్టింది. "పిల్లగాని జడలకు రాసే నూనె మంచిగ పనిజేస్తున్నది. సారు అడ్రస్ పంపు."

లింబాద్రి వెంటనే పంపాడు.