ఎవరి మట్టి ఇవ్వాలి?

పారసీక మహారాజుకు లొంగుతారా, చస్తారా అన్న స్వల్ప విషయం మీద హాలియా అనే గ్రీకు దీవిలో మహాసభ జరిగింది. లొంగినట్టు గుర్తుగా రాజదూత అడిగినది పిడికెడు మట్టి, ముంతెడు నీళ్లు. పొద్దు గుంకేలోగా అవి అందకపోతే రేవు మొదలుకొని ఊరంతా తగలబెడతామని ఎంతో మర్యాదగా మనవి చేసి, అతను పడవలో కూర్చుని అత్తిపళ్లు తింటున్నాడు.

సభలో ఎత్తిన చేతులు లెక్కపెట్టే ఉద్యోగి నికాండ్రోస్. రేవులో మొదటి ఇల్లు అతనిదే. ఇంట్లో భార్య మిర్తో, పదిరోజుల పసిబిడ్డ ఉన్నారు. అందువల్ల సభ త్వరగా తేలితే బాగుండునన్న స్వార్థబుద్ధి అతనికి పుట్టింది.

లొంగడం గురించి ఎవరికీ పేచీ లేదు. దానికి చేతులెత్తడం కూడా దండగనుకున్నారు. స్వేచ్ఛాప్రియులు కనుక చర్చంతా ఎవరి మట్టి ఇవ్వాలన్న దాని మీదే సాగింది.

"మా తాతలు దున్నిన మట్టి పరాయివాడికిస్తానా?" అని పైపేట ఆసామి థియోగ్నెటోస్ గుండెలు బాదుకున్నాడు. "కిందిపేట దెమోఫోన్ చేనుందిగా! ఎలాగూ రాళ్లగుట్టే. పోతే పోయింది."

దెమోఫోన్ లేచాడు. "ఏంటి బావా, నాది రాళ్లగుట్టా? నీ చేలో కాసింది మేక కూడా ముట్టదు! మహారాజుకి ఇస్తే గిస్తే నా మట్టే ఇవ్వాలి!"

దాంతో సభకు జ్ఞానోదయమైంది. ఇవ్వనన్నవాళ్లందరూ ఇచ్చి తీరతామన్నారు. ఇక నీళ్లు ఏ పేట నూతివన్న ప్రశ్న రాగానే చేతికర్రలు లేచాయి. చేతులు లెక్కపెట్టడానికే తప్ప కర్రలు లెక్కపెట్టడానికి నికాండ్రోస్‌కు నియమమేదీ లేదు.

మిర్తో బిడ్డను పొత్తిళ్లతో ఎత్తుకుని వచ్చింది. "ఏమయ్యా, తేలిందా?"

"నూతి దగ్గర ఆగింది."

"అంటే మనం కాలిపోయాక తేలుస్తారన్నమాట! అవతల పడవలో కాగడాలు వెలిగిస్తున్నారు."

నికాండ్రోస్ ఇంటికి పరుగెత్తి, పెరట్లో ఉల్లిమడి మట్టి పిడికెడు, కుండలో నీళ్లు ముంతెడు పట్టుకెళ్లి దూతకిచ్చాడు. దూత ఏ పేటవని అడగనైనా లేదు. అతని బుట్టలో అప్పటికే పాతిక ఊళ్ల మట్టి కలిసిపోయి ఉంది.

మరుసటి ఏడు మారథాన్ దగ్గర మహారాజు సేన ఏథెన్స్ వారి చేతిలో ఓడింది. ఎవరెవరు లొంగారో తెలుసుకోవడానికి ఏథెన్స్ పెద్దలు వచ్చారు. హాలియా పౌరులు బట్టలు తొలగించి, దూత వచ్చిన రోజున తగిలిన దెబ్బల మచ్చలు చూపించారు. ఏథెన్స్ వారు కళ్లు తుడుచుకున్నారు.

"లొంగుదామని మా సభలో ఒక్క చెయ్యి లేవలేదు" అన్నాడు థియోగ్నెటోస్. అది అక్షరాలా నిజం.

"ఇచ్చింది ఈ నికాండ్రోసే" అన్నాడు దెమోఫోన్. "అదీ ఉల్లిమడి మట్టి! మా చేల పరువేం కావాలి?"

ద్రోహిని కుటుంబంతో సహా వెళ్లగొట్టాలన్న తీర్మానానికి చేతులు లెక్కపెట్టే బాధ్యత కూడా, నియమం ప్రకారం, నికాండ్రోస్‌దే. రెండుసార్లు లెక్కపెట్టాడు. పొరపాటు లేదు. లెక్కపెట్టేవాడికి ఓటు లేదు కనుక, అది హాలియా చరిత్రలో మొదటి ఏకగ్రీవ తీర్మానం. పైపేట, కిందిపేట కౌగిలించుకుని ఏడ్చాయి. ఊరంతా ఒక్కటవడానికి ఒక్క ఇల్లు ఖాళీ అయితే అదేమంత నష్టం కాదని, మీ వీధి పెద్దలను అడిగినా చెబుతారు.