పైనుంచి పడ్డ నీళ్లు

బీమా కంపెనీల మీద కన్నేసి ఉంచే సర్కారు ఆఫీసుకి పైసా కూడా విదల్చకూడదని నా గట్టి అభిప్రాయం. ఇప్పటికే ఎక్కువ ఇస్తున్నారు. లేకపోతే ఆ ఆఫీసుకి ఫ్యాన్ ఎక్కణ్ణించి వచ్చింది?

నవ్వకండి. మా అక్క పని మీద అక్కడికి ఏడుసార్లు తిరిగి, చెప్పులరగదీసి, అధ్యయనం చేసి మరీ చెబుతున్నాను.

మా అక్కది టైలరింగ్ షాపు. బళ్లకి సెలవులిచ్చిన వారంలో పై అంతస్తు నీళ్ల ట్యాంకు పగిలింది. షాపులో ఉన్న నాలుగు మోటారు మిషన్లూ పాడైపోయాయి. బళ్లు తెరిచేలోగా మూడొందల జతల యూనిఫారాలు కుట్టివ్వాలి. ఇవ్వకపోతే ఆర్డరు పోతుంది, ఆర్డరు వెనకాలే షాపూ పోతుంది. అయినా అక్క కంగారు పడలేదు. పదకొండేళ్లుగా వరద బీమా కడుతోంది కదా!

కంపెనీవాళ్లు వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, తర్వాత ఉత్తరం పంపారు. “వరద అనగా నేల మీదుగా లోపలికి వచ్చు నీరు. మీ నీరు పైనుంచి పడినది. కావున చెల్లించజాలము.”

ఎంత శ్రద్ధో చూశారా! మనమైతే తడిసిందా లేదా అన్నదే చూస్తాం. నీళ్లు ఎటునుంచి వచ్చాయో అడగాలని మనలాంటి మొద్దు బుర్రలకి తడుతుందా?

అక్క ఫిర్యాదు పట్టుకుని నిఘా ఆఫీసుకి వెళ్లాను. పదహారు కుర్చీలు, ఒక్క మనిషి. ఆయనే ఇన్‌స్పెక్టరు, ఆయనే టైపిస్టు, పొద్దున్నే తాళం తీసేదీ ఆయనే. మిగతావాళ్లు రిటైరైనప్పుడు వాళ్ల పోస్టులు కూడా రిటైరైపోయాయట. నాకు టోకెను ఇచ్చారు, నాలుగు వేల నూట పన్నెండు. ఇప్పుడు ఎంత నడుస్తోందండీ అంటే, “ఆరొందలు దాటేశాం” అన్నారు, కాస్త గర్వంగానే.

దీన్ని కొందరు ఆలస్యం అంటారు. నేను ప్రశాంతత అంటాను. పదిమంది ఇన్‌స్పెక్టర్లుంటే పది కంపెనీలకి నిద్ర పట్టదు. ఒక్కరే ఉంటే ఆయనొక్కరికే పట్టదు. ఆ ఫ్యాన్ కింద ఆయనకీ పడుతుందనుకోండి.

ఇంకో సుఖం ఉంది. తనిఖీకి వెళ్లడానికి ఆఫీసుకి బండి లేదు. అందుకని కంపెనీయే కారు పంపిస్తుంది! తనిఖీ ఫలానా రోజని ముందే తెలుస్తుంది కాబట్టి టీ వేడిగా ఉంటుంది, బీరువాలు సర్ది ఉంటాయి. నిధులిచ్చి ఈ మర్యాద చెడగొట్టడం ఎవరికి లాభం?

ఏడోసారి వెళ్లేసరికి వరండా నిండా ఫైళ్లు ఆరబెట్టి ఉన్నాయి. ఆఫీసు కప్పు మీది పైపు పగిలిందట. దాని మరమ్మతుకి మూడేళ్లుగా నిధులు అడుగుతున్నారట. ఇన్‌స్పెక్టరుగారు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, ఓ అట్టముక్కతో అక్క ఫైలుకి విసురుతున్నారు. ఫ్యాన్ కూడా పోయింది.

“ఆఫీసుకి బీమా లేదాండీ?” అన్నాను.

“ఉంది. మీ అక్కగారి కంపెనీయే.”

“ఏమన్నారు?”

ఆయన జేబులోంచి ఉత్తరం తీసిచ్చారు. “వరద అనగా” దాకా చదివి మడిచేశాను. మిగతాది నాకు కంఠతా వచ్చు.

“మరి మీరూ ఫిర్యాదు చెయ్యకపోయారా?”

“చేశాను. నాకే ఇచ్చుకున్నాను. టోకెను నాలుగు వేల మూడొందల తొంభై. రూలు రూలే కదండీ, మీ అక్కగారిదే ముందు.”

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి ఆయనంటే నాకు గౌరవం పుట్టింది. వరండాలో చోటు చాలక, అక్క కట్టిన ప్రీమియం రసీదుల్ని ఇంటి దగ్గర ఆరబెట్టుకోమని నా చేతికే ఇచ్చారు.

అక్క వాటిని బల్ల మీద పరిచి ఒక్కొక్కటే ఇస్త్రీ చేసింది. రెండోది చేస్తూ ఆగింది. అట్టడుగున, చీమతలకాయంత అక్షరాల్లో “నిఘా రుసుము” అని ఉంది. పదకొండింటి మీదా ఉంది.

“ఏరా తమ్ముడూ, కంపెనీల మీద నిఘాకని నా దగ్గరే తీసుకున్నారా? మరి ఆ ఆఫీసువాళ్లకి పైపు బాగుచేయించుకునే దిక్కు కూడా లేదంటావేంటి?”

ఆ రుసుము నేరుగా ఖజానాకి పోతుందనీ, అందులోంచి ఆఫీసుకి తిరిగొచ్చేది ఒక జీతానికీ టోకెను కాయితాలకీ సరిపోతుందనీ చెప్పాను. అందువల్ల దేశానికి కలిగే ప్రశాంతత గురించి కూడా పైన రాసిందంతా విడమర్చి చెప్పాను. అక్క ఓపిగ్గా విని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

“అంటే, నా నీళ్లు పైనుంచి కిందికొచ్చాయి కాబట్టి లెక్కలోకి రావు. నా డబ్బు కిందినుంచి పైకి పోయింది కాబట్టి అదీ లెక్కలోకి రాదు. అంతేనా?”

ఇన్నేళ్లుగా పత్రికలో ప్రతి విషయానికీ జవాబు రాస్తున్నవాణ్ణి, దీని జవాబు మాత్రం మీకే వదిలేస్తున్నాను. మీలో ఎవరికైనా తెలిస్తే వెళ్లి చెప్పండి. అక్క షాపులోనే ఉంటుంది, కాలితో తొక్కే పాత మిషన్ ముందు. బళ్లు తెరవడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. రెండొందల ఎనభై జతలు మిగిలున్నాయి.