గోళాకార సంపద మహానిపుణుడు

ఒక పెద్ద అడవిలో పేడకి కొదవ లేదు. మిగతా అన్నిటికీ కొదవే గానీ పేడకి మాత్రం లేదు. అది ఏనుగుల అడవి మరి. పొద్దున లేస్తే పేడ, వాగుకి వెళ్ళే దారి నిండా పేడ. ఎత్తేవాడు మాత్రం లేడు. అక్కడ పుట్టిన పేడపురుగులన్నీ ఏనాడో పెద్ద చదువులు చదివేసి, తుమ్మెదల దగ్గర కూర్చుని చేసే ఉద్యోగాలకి వెళ్ళిపోయాయి.

కొండకి అవతల ఉన్న చిన్న అడవిలో పేడ కరువు. పశువుల మందలు దారి మార్చుకున్నాక అక్కడ మేక పెంటికలు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ అడవిలో పైడయ్య అనే పేడపురుగు ఉన్నాడు. వాడి పెళ్ళాం నూకాలు గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉంది. పేడపురుగు గుడ్డు పెట్టాలంటే పేడ ఉండలోనే పెట్టాలి. పిల్లలకి ఇల్లూ అదే, ఉయ్యాలా అదే, తిండీ అదే.

"మావా, పున్నమి దాటితే నేనాగలేను. ఒక్క మంచి ఉండ చూడు. లేదంటే గుడ్లు రాళ్ళ మీద పెట్టుకోవాలి" అంది నూకాలు, కళ్ళు తుడుచుకుంటూ.

పైడయ్య ఇంకో మాట మాట్లాడకుండా కొండ మీదుగా ఎగిరాడు.

ఏనుగుల అడవి పొలిమేరలో కంటకేశ్వరం అనే ముళ్ళపంది కాపలా ఉంటాడు. లోపలికి ఎవరు రావాలో, ఎవరు రాకూడదో తేల్చే అధికారి ఆయనే. ఒక ఆకు మీద ముల్లుతో గుచ్చి పైడయ్య చేతిలో పెట్టాడు.

"ఇది చుట్టపు వీసా. పున్నమి దాకా చూడు, తిరుగు, గాలి పీల్చు. పని మాత్రం చెయ్యకూడదు."

"గాలి పీల్చొచ్చా అండీ?" అన్నాడు పైడయ్య. అప్పటికే ఆ వాసనకి వాడి ఒళ్ళు పులకరించిపోతోంది.

లోపలికి వెళ్ళి చూస్తే ఎటు చూసినా కుప్పలు తెప్పలు. వాడికి ఆనందంతో ఏడుపొచ్చేసింది. ఆగలేక కాస్త పేడ తీసి గుండ్రంగా చేసి, తల కిందికి పెట్టి, వెనక కాళ్ళతో తోసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచాడు.

ఆ అడవికి పెద్దదిక్కు భద్రమ్మ అనే ఏనుగు. ఆవిడ చూసింది.

"ఎవరయ్యా నువ్వు, దేవుడు పంపినట్టు వచ్చావు? నిన్ననే మా మనవడు ఆ దారిలో జారిపడి తొండం బెణికించుకున్నాడు. రేపట్నుంచి పన్లోకి వచ్చెయ్. చేసిన ఉండలన్నీ నువ్వే పట్టుకుపో."

పైడయ్య ఉండ మీదికెక్కి చిందులేశాడు. ఇంకా సగం చిందు మిగిలుండగానే కంటకేశ్వరం వచ్చాడు.

"దిగు. పని చెయ్యకూడదన్నానా?"

"ఆడుకుంటున్నానండి."

"చెమట పట్టింది. చెమట పడితే పనే."

ఉండని జప్తు చేశాడు. జప్తు చేశాడే గానీ ముట్టుకోలేదు. దాని చుట్టూ నాలుగు ముళ్ళు పాతి ముక్కు మూసుకున్నాడు.

"పని వీసా ఇచ్చెయ్యవయ్యా, పీడా పోతుంది" అంది భద్రమ్మ.

"ఇవ్వొచ్చమ్మా. కానీ పరాయివాడికివ్వాలంటే అది గొప్ప విద్య అయ్యుండాలి. మనవాళ్ళెవరికీ రానిదై ఉండాలి. పేడ దొర్లించడం గొప్ప విద్యేనా?"

"మనవాళ్ళెవరూ చెయ్యరు కదా."

"చెయ్యకపోవడం వేరు, రాకపోవడం వేరు" అన్నాడు కంటకేశ్వరం. భద్రమ్మ ఊసరవెల్లికి కబురు పెట్టింది.

ఇలాంటి చిక్కులు విప్పి పెట్టడమే ఊసరవెల్లి రంగారావు వృత్తి. భద్రమ్మ పక్కన నిలబడితే నల్లగా, కంటకేశ్వరం పక్కన నిలబడితే బూడిదరంగులో ఉంటాడు. ఎవరి మనిషో ఎవరికీ అంతుపట్టదు.

"పని మార్చక్కర్లేదమ్మా, పేరు మారిస్తే చాలు" అని అక్కడికక్కడే ఒక ప్రకటన రాసి పైకి చదివాడు. "గోళాకార సేంద్రియ సంపద తరలింపు మహానిపుణుడు కావలెను. గోళశాస్త్రంలో ప్రావీణ్యం ఉండవలెను. చుక్కలను బట్టి దారి కనిపెట్టగలగవలెను. వెనక్కి నడుస్తూ సంస్థను ముందుకు తీసుకుపోగల నాయకత్వ లక్షణములు తప్పనిసరి."

పైడయ్య నోరెళ్ళబెట్టాడు. "అంత గొప్పవాడెవరండీ?"

"నువ్వేనయ్యా."

ఆ పూటంతా పైడయ్య నడకే మారిపోయింది. దారిలో కనపడ్డ చీమలని కూడా ఏకవచనంతో పిలిచాడు, పాపం.

అయితే రూలు ప్రకారం ప్రకటన ముందు ఆ అడవి వాళ్ళకే చూపించాలి. వాళ్ళలో ఎవరూ రాకపోతేనే పరాయివాడికి వీసా. "పేడకి ఎవరొస్తారులే" అని రంగారావు దాన్ని వాగు ఒడ్డున మద్దిచెట్టుకి తగిలించాడు. మహానుభావుడు ఒక్కటి మర్చిపోయాడు. ఆ ప్రకటనలో పేడ అన్న మాటే లేదు.

తెల్లారేసరికి వాగు ఒడ్డున కాలు పెట్టే సందు లేదు. కొండముచ్చు వచ్చింది, ఎలుగుబంటి వచ్చింది, కుందేళ్ళు కుటుంబాలతో సహా వచ్చాయి. ముందు వరసలో నెమలి శిఖామణి గారు పింఛం సర్దుకుంటూ నిలబడ్డారు.

ఇంటర్వ్యూ చేసింది కంటకేశ్వరమే. మొదట పైడయ్యని పిలిచాడు.

"గోళం అనగానేమి?"

"గుండ్రంగా ఉంటుందండి. తోస్తే దొర్లుతుంది."

"అంతేనా?"

"ఎండకముందే తొయ్యాలండి."

కంటకేశ్వరం పెదవి విరిచి శిఖామణి గారిని పిలిచాడు.

"గోళం అనేది వస్తువు కాదు, ఒక దృక్పథం" అన్నారు శిఖామణి గారు. అని ఊరుకోకుండా పింఛం విప్పారు. అందులో ఎటు చూసినా గోళాలే. కంటకేశ్వరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఉద్యోగం నెమలికి వచ్చింది. కొండముచ్చు ఉపనిపుణుడు, ఎలుగుబంటి సలహానిపుణుడు. కుందేళ్ళని కూడా ఎవరినీ నొప్పించకుండా తలో కుర్చీలో కూర్చోబెట్టారు. ఇక పైడయ్యకి వీసా ఇవ్వాల్సిన అవసరం లేదని తేలిపోయింది.

"పోనీ ఆ ఒక్క ఉండైనా ఇప్పించండి బాబూ. నా పెళ్ళాం గుడ్ల మీద ఉంది" అని బతిమాలాడు పైడయ్య.

"అదిప్పుడు మహానిపుణుల శాఖ ఆస్తి" అన్నాడు కంటకేశ్వరం.

రంగారావు పొలిమేర దాకా సాగనంపాడు. "దిగులుపడకు. నీ పని ఎంత గొప్పదో ఇప్పుడు అందరికీ తెలిసింది కదా" అన్నాడు. పైడయ్యకి వాడి తోక కొరకాలనిపించింది.

ఇంటికెళ్ళేసరికి నూకాలు గుమ్మంలోనే ఉంది. "ఉద్యోగం వచ్చిందా మావా?"

"వచ్చిందే. నెమలికి" అన్నాడు పైడయ్య. నూకాలు రాళ్ళ మధ్య మెత్తటి చోటు వెతకడం మొదలుపెట్టింది.

అక్కడ పెద్ద అడవిలో శిఖామణి గారు తొలిరోజు సంపద ఎక్కడుందో చూపించమన్నారు. చూపించారు. ఆయన వెంటనే పక్కనున్న బండ మీదికెక్కి పింఛం పైకెత్తి పట్టుకున్నారు.

"ఈ విద్య ఇక్కడ కూర్చుంటే పట్టుబడదు. పుట్టిన చోటికే వెళ్ళి నేర్చుకోవాలి" అన్నారు. శాఖంతా ఔనంది. పైడయ్య వాళ్ళ అడవికి విదేశీ శిక్షణ యాత్ర ఖాయమైపోయింది. నిపుణులు నడవరు కాబట్టి ఏనుగులెక్కారు. ఏదో ఒకటి నేర్చుకుని తగలడితే చాలనుకుని భద్రమ్మ మందనంతా వెంటబెట్టుకుని బయల్దేరింది.

చిన్న అడవి పొలిమేరలో ఓ ముసలి బోదురుకప్ప కాపలా. "పని చెయ్యడానికి వచ్చారా?" అని అడిగింది.

శిఖామణి గారికి ఒళ్ళు మండింది. "మమ్మల్ని చూస్తే పని చేసేవాళ్ళలా కనిపిస్తున్నామా?"

"అయితే లోపలికి పోండి" అంది బోదురుకప్ప.

పున్నమి నాటి పొద్దున పైడయ్య ఇంటి ముందు నేల అదిరింది. బయటికొచ్చి చూస్తే భద్రమ్మ. కొండెక్కి దిగి వచ్చిందేమో, పలకరింపు కూడా కాకుండానే గుమ్మం ముందు కడుపు తేలిక చేసుకుంది. వెనకే మందంతా.

పైడయ్య అటూ ఇటూ చూశాడు. ముళ్ళపంది లేదు. ఆకు అడిగేవాడు లేడు. "నూకాలూ, రావే, తొందరగా రా" అని కేకేశాడు. మొగుడూ పెళ్ళాం ఏడుస్తూ నవ్వుతూ ఉండ చేశారు. చంద్రుడు వచ్చేసరికి గుడ్లన్నీ వెచ్చగా ఉండలో ఉన్నాయి.

శిఖామణి గారు ఏనుగు మీద నుంచే తల ఊపారు. "విషయం లోతైనది. శిక్షణ పొడిగించాలి" అన్నారు. అలా పొడిగిస్తూనే ఉన్నారు. ఏనుగులు మేస్తూనే ఉన్నాయి, పైడయ్య దొర్లిస్తూనే ఉన్నాడు.

అవతల ఏనుగుల్లేని ఏనుగుల అడవిలో కొత్తగా పేడ పడటం మానేసింది. మహానిపుణులు చేరిన వేళావిశేషమని కంటకేశ్వరం మురిసిపోయి, శిఖామణి గారికి బిరుదు ప్రకటించాడు.

నీతి: పని వచ్చినవాడు సరిహద్దు దాటాలంటే వీసా కావాలి, పని రానివాడికి ఏనుగు చాలు.