గోడకు నోరొచ్చింది

ఆ రోజు పొద్దున పుట్టాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, ఆరోగ్య ప్రదర్శన భవనానికి వెళ్ళాలి, ఆ భవనం కమిటీ అధ్యక్షురాలిని ధ్యానశాలలో కూర్చోబెట్టాలి, మధ్యాహ్నం దాకా నోరు మూసుకుని ఉండాలి. వీటిలో మొదటి మూడూ సవ్యంగానే జరిగాయి.

పుట్టాయన అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆయన ఆర్కిటెక్టు. ఆరోగ్యం గురించి ప్రదర్శన పెట్టే భవనం తను కూడా ఆరోగ్యంగా ఉండాలి కదా అని, ఫ్యాన్లూ ఏసీలూ లేకుండా దాన్ని చెదపుట్ట నమూనాలో కట్టాడు. ఎంత ఎండలోనైనా చెదలు పుట్టలో చల్లగా కాపురం చేసుకుంటాయి. వేడిగాలి పైకి పోవడానికీ, చల్లగాలి కిందనుంచి రావడానికీ లోపల సన్నని దారులు చేసుకుంటాయి. ఈయన కూడా గోడల్లో అలాగే గొట్టాలు పెట్టి, ప్రతి గదిలోనూ మోకాలెత్తున ఒక కన్నం వదిలాడు. నడవాలు కూడా వంకరటింకరగానే కట్టాడు. ప్రకృతిలో తిన్నని గీత లేదని ఆయన వాదన. లోపలికి వెళ్ళినవాళ్ళకు బయటికొచ్చే దారి కూడా లేదని మిగతావాళ్ళ వాదన.

అధ్యక్షురాలి లెక్కలో చల్లగాలి అంటే మిషన్లోంచి రావాల్సిందే. "ప్రారంభోత్సవానికి ముందు ఒక పూట జనాన్ని పిలిచి, మధ్యాహ్నం దాకా కూర్చుని చూస్తాను. ఉక్కపోసిందా, ఆ కన్నాలన్నీ మూయించి ఏసీలు పెట్టించేస్తాను" అని ముందే చెప్పింది. చెప్పి ఊరుకోకుండా తాపీమేస్త్రీని కూడా పిలిపించింది. శుభస్య శీఘ్రం అనుకున్నాడేమో, మేస్త్రీ పొద్దున్నే వచ్చి వాకిట్లో తట్ట నిండా సిమెంటు మాలు కలిపి, అది ఆరిపోకుండా నీళ్ళు చిలకరిస్తూ కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి పడ్డ కష్టమంతా ఆ తట్టలోని మాలు కింద పూడిపోతుందేమోనని పుట్టాయన భయం.

దానికి తోడు, బయల్దేరే ముందు ఇంట్లో మామూలు గొడవ కూడా అయింది. బాత్రూం ద్వారబంధం గోడలోంచి ఊడి పక్కకు వాలడంతో ఆర్నెల్లుగా తలుపు పడటం లేదు. లోపలున్నవాళ్ళు తామున్నట్టు తెలిసేలా ఏదో ఒకటి అంటూ ఉండాలి. పుట్టాయన భార్య డాక్టరు. పెళ్ళినాటికి ఆవిడది మెత్తని గొంతు. "నేనున్నా, రాకండి!" అని స్నానం అయ్యేదాకా ఇంటిల్లిపాదికీ వినబడేలా అరిచి అరిచి, ఇప్పుడది బస్టాండులో ప్రకటనలు చెప్పడానికి పనికొచ్చేలా తయారైంది.

"ఏమండీ, ఊరందరికీ భవనాలు కట్టిపెడతారు. మన తలుపు సంగతేంటి?" అంది ఆవిడ.

"ఈ ఒక్క పనీ గట్టెక్కనీ. మర్నాడే చేయిస్తా."

"కిందటి పనప్పుడూ ఇదే మాట అన్నారు."

ఆ రోజు ఆవిడకు కూడా అదే భవనంలో, ఉచిత వైద్యపరీక్షల గదిలో పని. ఇద్దరూ ఒకే కారులో ఎడమొహం పెడమొహంగా వెళ్ళారు.

ధ్యానశాల కిటకిటలాడుతోంది. అధ్యక్షురాలు ముందు వరసలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ధ్యానం నేర్పే గురువు అందరినీ కళ్ళు మూసుకోమన్నాడు. "మీ లోపల ఒక గొంతు ఉంది. ఓపిక పట్టండి. అదే మాట్లాడుతుంది" అన్నాడు. అలా అని అప్పటిదాకా అది ఎవరితోనూ మాట్లాడిన దాఖలా లేదు. పుట్టాయన గుమ్మం దగ్గర నిలబడి, ఎవరి నుదుటిమీదైనా చెమట పడుతోందేమోనని ఒక్కొక్కరినే పరకాయించి చూస్తున్నాడు.

"నోరు తెరవండి" అంది గోడ.

గురువు ఒక కన్ను తెరిచాడు.

"ఇంకా పెద్దగా. నాలుక బయటపెట్టండి. ఆఁ అనండి."

అధ్యక్షురాలితో సహా శాలంతా నాలుకలు బయటపెట్టి ఆఁ అంది. గురువు కాస్త తటపటాయించాడు. ఇన్నేళ్ళలో తన లోపలి గొంతు ఒక్కసారీ పలకలేదన్న బెంగ ఆయనకూ ఉంది. చివరికి ఆయన కూడా నాలుక బయటపెట్టాడు.

పుట్టాయనకు ఆ గొంతు ఎవరిదో పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. గోడలకు చెవులుంటాయని అందరూ అంటారు. తన గోడలకు నోళ్ళు కూడా ఉన్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది. గాలి కోసం వేసిన దారిలో మాటలు కూడా బయల్దేరాయి. చెదలు మాట్లాడుకోవు కనక ఈ చిక్కు పుట్టలో ఆయనకు కనబడలేదు.

"షుగరు ఉందని తెలిసి కూడా దొంగచాటుగా తీపి తింటున్నారు కదూ?" గోడ గద్దించింది. "అబద్ధం చెప్పకండి. మీ మొహమే చెబుతోంది."

శాలంతా ఉలిక్కిపడింది. వెనక వరసలో ఎవరో "తప్పయిపోయింది తల్లీ" అన్నారు. అధ్యక్షురాలు మూసిన కళ్ళు మూసినట్టే ఉంచి, చేతిసంచిలోంచి చాక్లెట్ల డబ్బా తీసి, అందినంత దూరానికి నెట్టేసింది.

పుట్టాయన పరుగందుకున్నాడు. వైద్యపరీక్షల గది గోడ అవతలే ఉంది గానీ, దారి మాత్రం ఆయన వేసిందే. మొదటి మలుపు తిరిగేసరికి బరువు తగ్గించే గదిలో తేలాడు. ఆయన నోరు విప్పేలోగా వాళ్ళు ఎక్కించి తూచేసి, నిట్టూర్చారు. రెండో మలుపులో ఒళ్ళునొప్పుల గది వచ్చింది. వాళ్ళు ఆయన్ను బల్లమీద బోర్లా పడేసి రెండు గుద్దులు గుద్ది గానీ వదల్లేదు. ఇస్త్రీ చొక్కా పీలికైనంత పనై, ఆయన భార్య గదిలో వచ్చి పడ్డాడు. ఎదురుగా ఒక లావుపాటి పెద్దమనిషి ఇంకా నోరు తెరుచుకునే ఉన్నాడు.

"కాస్త మెల్లగా మాట్లాడు! నీ గొంతు అవతలకి వినబడుతోంది!" అన్నాడు పుట్టాయన రొప్పుతూ.

"మెల్లగానా? నా గొంతు ఇలా అయింది ఎవరివల్ల? ఆర్నెల్లుగా బాత్రూం తలుపు పడదు! స్నానం చేస్తున్నంతసేపూ 'నేనున్నా, రాకండి' అని అరుస్తూ చావాలి నేను!"

"ఇప్పుడా ఆ గొడవ? అవతల నా కొంప మునుగుతోంది!" కోపంలో పుట్టాయన వచ్చిన పని మరిచిపోయాడు. "మధ్యాహ్నానికి కన్నాలన్నీ మూయించేస్తుంది ఆ మహాతల్లి. ఆవిడకి పుట్టకీ చెత్తకుప్పకీ తేడా తెలీదు!"

"తెలుసు" అంది గోడ.

పెద్దమనిషి నోరు మూసి, "డాక్టరమ్మా, నేను మళ్ళీ వస్తా" అని మెల్లగా జారుకున్నాడు. గాలి వచ్చే దారిలోనే పోతుందని కమిటీకి బొమ్మలు గీసి మరీ చెప్పింది పుట్టాయనే. ఆయన మోకాళ్ళమీద కూలబడి కన్నం దగ్గర మొహం పెట్టాడు.

"మేడమ్?"

"అరవక్కర్లేదు. బాగానే వినబడుతోంది."

"క్షమించాలి. నా ఉద్దేశం…"

"మీ ఉద్దేశం అందరం విన్నాం. భార్యాభర్తలిద్దరూ ఒకసారి ఇటు రండి."

"వస్తున్నాం మేడమ్. దారే కొంచెం…"

"బయటికొచ్చి ఎడమకి తిరగండి" అంది గోడ.

వాళ్ళు వెళ్ళేసరికి శాలలో అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. మేస్త్రీ తాపీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అధ్యక్షురాలు రుమాలుతో నుదురు ఒత్తుకుని, దాన్ని తిప్పి తిప్పి చూసింది. రుమాలు పొడిగా ఉంది.

"నేనిక్కడికి వచ్చిందే ఉక్క సంగతి చూద్దామని. వచ్చిన పనే మర్చిపోయాను. ఉక్కపోస్తే మర్చిపోతానా?" అంది. "కన్నాలు మూయక్కర్లేదు."

పుట్టాయన కళ్ళు చెమర్చాయి. ఆ పూట ఆ భవనంలో చెమర్చినవి అవే.

"కానీ ఒక షరతు" అంది అధ్యక్షురాలు. "ఆర్నెల్లుగా సొంత ఇంట్లో తలుపు వేయించలేని మనిషి కట్టిన దాంట్లోకి జనాన్ని ఏ ధైర్యంతో రమ్మనను? ముందు ఆ తలుపు సంగతి చూడండి."

శాలంతా తలూపింది. గురువు అందరికంటే గట్టిగా ఊపాడు.

"తప్పకుండా మేడమ్. ఈ ప్రారంభోత్సవం కానివ్వండి, మర్నాడే…"

"అమ్మా" అన్నాడు మేస్త్రీ, "కలిపిన మాలు గట్టిపడిపోతోంది. ఏదో ఒకటి మూయాలి."

అధ్యక్షురాలు పుట్టాయన వైపు వేలు చూపించింది.

మేస్త్రీ తట్టతో సహా వాళ్ళ కారెక్కాడు. చెయ్యి తిరిగిన మనిషి. సాయంత్రంలోగా బాత్రూం ద్వారబంధం నిలబెట్టాడు, చుట్టూ సందులు పూడ్చాడు, కొత్త గడియ బిగించాడు. మిగిలిన మాలు పారేయడానికి మనసొప్పక, పైన గాలి కోసమున్న చిన్న కన్నం కూడా నున్నగా మూసేశాడు. తలుపు టక్కుమని పడింది.

మర్నాడు పొద్దున గడియ తీసుకుని, చెమటలు కక్కుతూ బయటికి వచ్చింది డాక్టరమ్మ. పెళ్ళినాటి మెత్తని గొంతుతో, "ఏమండీ, మన బాత్రూంకి ఒక ఏసీ పెట్టిద్దామా?" అని అడిగింది.